కణ వంశక్రమ అన్వేషణ

కణ వంశక్రమ అన్వేషణ అనగా ఒక జీవకణానికి చెరగని గుర్తు పెట్టి, అది విభజన చెందగా పుట్టిన సంతతి కణాలు ఎక్కడికి చేరినవో, ఏ కణజాలంగా మారినవో తెలుసుకొను పద్ధతి. పిండంలో ఎముకలు, కండరాలు ఏ కణాల నుండి ఏర్పడతాయి, గాయపడినప్పుడు వాటిని బాగుచేయు కణాలు ఎక్కడి నుండి వస్తాయి అను ప్రశ్నలకు ఈ పద్ధతి సమాధానమిస్తుంది.

చరిత్ర

జర్మనీకి చెందిన వాల్టర్ ఫోగ్ట్ 1929లో ఉభయచర జీవుల పిండాలపై హానిచేయని రంగులను అద్ది, ఏ భాగం ఏ అవయవంగా మారునో చూపాడు. అయితే కణాలు విభజన చెందేకొద్దీ రంగు పలుచబడిపోతుంది. ఫ్రెంచి శాస్త్రవేత్త నికోల్ లె డౌరిన్ 1969లో ఈ లోపాన్ని అధిగమించింది. కౌజుపిట్ట కణాల కేంద్రకంలో క్రోమాటిన్ ముద్దగా కనిపిస్తుంది. కోడి కణాలలో అలా ఉండదు. అందువలన కోడిపిండంలో అతికించిన కౌజుపిట్ట కణాలను ఎంతకాలమైనా గుర్తించవచ్చు. కాళ్ళు, రెక్కలలోని కండరాలు వెన్ను ప్రక్కనుండు సోమైట్ల నుండి వలస వస్తాయని, అక్కడి ఎముకలు మాత్రం ప్రక్కనున్న వేరొక పొర నుండి ఏర్పడతాయని 1977లో ఈ విధానంతోనే తేలింది.

జన్యు పద్ధతి

ప్రస్తుతం ఎలుకలలో క్రి-లాక్స్ విధానం విరివిగా వాడుతున్నారు. క్రి అనునది పి1 అనే వైరస్ నుండి లభించిన ఎంజైము. ఎంచుకొన్న కణాలలో మాత్రమే ఇది తయారగునట్లు చేస్తారు. అది డి.ఎన్.ఎ.లో అడ్డుగా ఉంచిన భాగాన్ని తొలగించగా, ప్రతిదీప్తి ప్రోటీను జన్యువు పనిచేయనారంభిస్తుంది. ఈ మార్పు డి.ఎన్.ఎ.లోనే జరుగుట వలన సంతతి కణాలన్నింటికీ సంక్రమిస్తుంది. టామోక్సిఫెన్ అను మందు ఇచ్చినపుడే క్రి పనిచేయునట్లు చేసి, గుర్తు పెట్టు సమయాన్ని కూడా నిర్ణయించవచ్చు.

ముఖ్య ఫలితాలు

* కండరాలు: కండర తంతువును అంటిపెట్టుకొని ఉండు శాటిలైట్ కణాలను అలెగ్జాండర్ మౌరో 1961లో కప్ప కండరంలో గుర్తించాడు. పాక్స్7 జన్యువు గల ఈ కణాలను తొలగించిన ఎలుకలలో దెబ్బతిన్న కండరం తిరిగి పెరగలేదని 2011లో పలు ప్రయోగాలు తెలిపాయి.
* ఎముకలు: ఎముక పెరుగుదల ఫలకంలో ఉబ్బిన మృదులాస్థి కణాలు మరణిస్తాయని చాలాకాలం పాఠ్యపుస్తకాలలో ఉండేది. వాటిలో కొన్ని బ్రతికి, ఎముకను నిర్మించు కణాలుగా మారుతున్నాయని 2014లో వెలువడిన పరిశోధనలు నిరూపించాయి.
* విరిగిన ఎముక: విరిగినచోట ఏర్పడు మెత్తని కాయలోని మృదులాస్థి, ఎముక కణాలలో అధికభాగం ఎముకను కప్పియుండు పొర నుండి వస్తాయి. కావున శస్త్రచికిత్సలో ఈ పొరను కాపాడుట ముఖ్యం.

పరిమితులు

ఎంచుకొన్న జన్యువు ఇతర కణాలలో కూడా పనిచేసినచో తప్పు కణాలకు గుర్తు పడుతుంది; అప్పుడు వేరొక కణం సంతతిని దీని సంతతిగా భ్రమించే ప్రమాదముంది. మానవులలో ఇటువంటి జన్యుమార్పులు చేయరాదు. కనుక కణవిభజన సమయంలో సహజంగా కలుగు ఉత్పరివర్తనాలనే గుర్తులుగా తీసుకొని పరిశీలిస్తారు.

ప్రాముఖ్యత

కీలు అరుగుదల, కండర క్షీణత వంటి వ్యాధులకు చికిత్స రూపొందించుటకు అసలు మరమ్మతు చేయు కణం ఏదో తెలియాలి. మూలకణాన్ని తప్పుగా గుర్తించినచో దానిపై ఆధారపడిన చికిత్స కూడా గురి తప్పుతుంది.