మన్యసీమయు సివిలు కోర్టుల యధికారపరిమితియు

న్యాయస్థానముల యధికారమునకు మేర యేర్పరచు విధములలో రెండు ముఖ్యములు. వ్యాజ్యపు విలువనుబట్టి యేర్పడునది మొదటిది; భూభాగమునుబట్టి యేర్పడునది రెండవది. చెన్నపట్టణపు రాజధానిలో 1816 నాటి రెగ్యులేషను చొప్పున గ్రామమునసబు 10 రూపాయలకు మించిన సొమ్ము వ్యాజ్యమును విచారింపరాకుండెను. అట్టి వ్యాజ్యమును పైకోర్టు విచారించుచుండెను. రెండవ విధము దీనికంటె గురుతరమైనది. అందు సామాన్యపు సివిలు కోర్టుల యధికారమే యొక సీమనుండి తొలగిపోవును. తెలుగువారి యెరుకలో దీనికి గంజాము, విశాఖపట్టణపు మన్యములకంటె మంచి నిదర్శనము లేదు.

1802లో కారన్‌వాలిసు పద్ధతి ననుసరించి పన్ను వసూలు కలెక్టరునకును, న్యాయవిచారణ జడ్జీకిని వేరుపరుపబడెను. కొండసీమల జమీందారు లీ యేర్పాటునకు సులభముగా లోబడలేదు. పర్లాకిమిడి మొదలగు చోట్ల అల్లరులు చెలరేగగా, 1832లో జార్జి రసెల్ ప్రత్యేక కమీషనరుగా నియమింపబడెను. అతని సూచన ననుసరించి 1839 నాటి 24వ ఆక్టు పుట్టినది. దానిచే నా మన్యములందు సామాన్య నిబంధనలు రద్దయి, సివిలు, క్రిమినలు, రెవిన్యూ అధికారములు మూడును గవర్నరు ఏజెంటను పేర కలెక్టరునకే చెందినవి. 1802లో విడదీసినదానినే 1839లో మరల ముడివేసిరన్నమాట.

గోదావరి జిల్లాలోని రంప కీ ఆక్టు వర్తింపలేదు. అచ్చట సామాన్యపు చట్టములే నడచెను. మైదానపు వర్తకులు కొండవారిచే అన్యాయపు టొడంబడికలు వ్రాయించుకొని, వారు కోర్టునకు రాకుండగనే ఏకపక్షపు డిక్రీలు పొంది, పశువులను ధాన్యమును జప్తు చేయించుచుండిరి. 1879లో రంప పితూరీ లేచినది. మన్సబుదారు దోపిడి, తాళ్లపై విధించిన చిగురుపన్ను, పోలీసువారి పీడలతోపాటు ఈ డిక్రీలును దానికి కారణములని పిదప సలివాన్ జరిపిన విచారణలో తేలినది. అటుపిమ్మట రంపయు ఏజెన్సీపాలనలోనికి వచ్చెను.

కావున కోర్టును తొలగించుటయే కొండవానికి రక్షయని తలపవచ్చునా? అట్లు తలచుట యుక్తము గాదు. కోర్టు మారినను పత్రము మారలేదు. ఏజెంటు కచేరిలోను అప్పు అప్పే, వడ్డి వడ్డియే. ఈ లోపము 1917 నాటి మొదటి ఆక్టుచే కొంత తీరినది. ఏజెంటుయొక్కగాని, నియమితుడైన యధికారియొక్కగాని ముందటి యనుమతి లేనిదే గిరిజనుడు తన భూమిని గిరిజనేతరునకిచ్చిన నది చెల్లదనియు, అతనిపై నూటికి ఏటేట 24 రూపాయలకు మించి వడ్డి డిక్రీ చేయరాదనియు అందు విధింపబడెను. విచారించు నధికారి యెవరను ప్రశ్ననుండి, విచారణకు మూలమైన ధర్మమేదను ప్రశ్నకు శాసనకర్తలు వచ్చుట కిన్నియేండ్లు పట్టినది.

సర్వాధికారము నొక్కచో చేర్చుటవలని కీడు 1922లో గూడెమున వెల్లడియైనది. అచ్చట సామాన్యపు సివిలు కోర్టు లేదు. ఉన్నది తాలూకా యధికారి. బాటల పనిలో జరిగిన నిర్బంధపు చాకిరియు, అడవి నిబంధనలును అల్లూరి సీతారామరాజు వెంట మన్యమువారిని నడిపించెను. తీర్పరియు పాలకుడును ఒక్కడైనచోట పాలకునిపై మొర వినువాడుండడు.

1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషనును, దానికి 1970లో జరిగిన సవరణయు 1917 నాటి మార్గమునే దృఢపరచినవి. ఈ చరిత్రవలన తేలు ధర్మమొకటి: న్యాయస్థానమునకు ఎల్ల గీయుటతో శాసనకర్త బాధ్యత తీరదు. ఆ ఎల్లకు లోపలనున్నవానికి ఏ ధర్మము దక్కునో, దానిని తప్పిన యధికారిపై మొర యెవ్వరు విందురో గూడ నిర్ణయించినప్పుడే యా ఎల్ల రక్షయగును.