వాల్ట్జ్

వాల్ట్జ్ అనేది మూడు దెబ్బల తాళానికి స్త్రీపురుషులు ఒకరినొకరు పట్టుకుని గుండ్రంగా తిరుగుతూ చేసే ఐరోపా జంట నృత్యం. గిరగిరా తిరగడమనే అర్థమున్న జర్మన్ క్రియ ‘వాల్ట్సెన్’ నుంచి దీనికా పేరు వచ్చింది. మొదటి దెబ్బ బలంగా, తక్కిన రెండూ తేలిగ్గా పడతాయి. తిస్రగతికి అలవాటుపడిన చెవికి ఈ నడక కొత్తగా తోచదు. వియన్నా వాద్యకారులు రెండో దెబ్బను వెంట్రుకవాసి ముందే వేస్తారు. ఆ సంగీతంలోని ఊపంతా అక్కడే ఉంది.

ఆస్ట్రియా, దక్షిణ జర్మనీ పల్లెల్లో రైతులు ఆడుకున్న లాండ్లర్ వంటి నృత్యాలే దీనికి మూలం. 18వ శతాబ్దం రెండో సగంలో ఇవి నగరాలకు చేరి వేగం పుంజుకున్నాయి. జర్మన్ రచయిత గెటే 1774లో ప్రచురించిన ‘వెర్థర్’ నవలలోనే నాయకుడు నాయిక లొట్టెతో వాల్ట్జ్ ఆడతాడు. రాజాస్థానాలను అప్పటిదాకా ఏలిన మినుయెట్‌లో జంటలు ఎడం పాటిస్తూ, చూసేవారి మెప్పు కోసం అడుగులు వేసేవి. వాల్ట్జ్‌లో పురుషుడి చెయ్యి స్త్రీ నడుం మీదికి వచ్చింది. ఆడేవారికి సభతో పని లేకపోయింది. ఐరోపా నృత్య చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు అరుదు.

అందుకే పెద్దలు మండిపడ్డారు. విచ్చలవిడి జీవితానికి పేరుపడ్డ ఆంగ్ల కవి బైరన్ సైతం 1813లో దీన్ని ఎద్దేవా చేస్తూ కావ్యం వెలువరించాడు. 1816లో ఇంగ్లండ్ యువరాజు ఇచ్చిన విందులో వాల్ట్జ్ ఆడినందుకు లండన్ ‘టైమ్స్’ పత్రిక ఘాటుగా ఖండించింది. అయినా 1814-15లో వియన్నా కాంగ్రెస్ అనే దౌత్య సమావేశానికి వచ్చిన దొరలూ దౌత్యవేత్తలూ అప్పటికే ఈ మోజును తమ దేశాలకు మోసుకుపోయారు.

వియన్నా స్వరకర్తలు జోసెఫ్ లానర్, పెద్ద యోహాన్ స్ట్రాస్ దీనికి కచేరీ స్థాయి తెచ్చారు. పెద్ద స్ట్రాస్ కొడుకు చిన్న స్ట్రాస్ దాన్ని శిఖరానికి చేర్చాడు. 1866లో ప్రష్యా చేతిలో ఓడి కుంగిన వియన్నాలో, మరుసటి ఫిబ్రవరిలో, అతని ‘బ్లూ డాన్యూబ్’ను మొదట బృందగానంగా వినిపించారు. అదే ఏడు పారిస్ ప్రపంచ ప్రదర్శనలో వాద్యగోష్ఠిగా మోగాక అది ప్రపంచమంతా పాకింది.

ఇంగ్లీషు వాడుకలో ‘వాల్ట్జ్’ నాట్యశాల దాటి వచ్చింది. జంకూగొంకూ లేకుండా ఎవరి గదిలోకైనా నడిచిరావడాన్నీ, పరీక్షను అవలీలగా గట్టెక్కడాన్నీ ఆ మాటతోనే చెబుతారు. 1895లో బ్యాంజో ప్యాటర్సన్ రాసిన ఆస్ట్రేలియా పాట ‘వాల్ట్జింగ్ మటిల్డా’లో మాత్రం నృత్యం లేదు, మూట భుజాన వేసుకుని కాలినడకన ఊళ్లు తిరగడమే అక్కడి అర్థం.

నేటి బాల్‌రూమ్ పోటీల్లో నెమ్మదైన ఇంగ్లీషు వాల్ట్జ్, దానికి దాదాపు రెట్టింపు వేగంతో సాగే వియన్నా వాల్ట్జ్ వేర్వేరు విభాగాలుగా ఉన్నాయి.