నిద్రలో ఊపిరి: సీపాప్ యంత్రం నలభై ఏళ్ళ చరిత్ర

గురకను గాఢనిద్రకు గుర్తుగా ఎంచడం తరతరాల అలవాటు. తెలుగు ఇళ్ళలో కుంభకర్ణుణ్ణి తలచుకుని నవ్వుకోవడంతోనే ఆ ప్రస్తావన ముగిసిపోయేది. గురకకూ గురకకూ మధ్య వచ్చే నిశ్శబ్దాన్ని వైద్యశాస్త్రం పట్టించుకోవడానికి చాలాకాలం పట్టింది. నిద్రలో గొంతు కండరాలు సడలి, మెత్తని గోడలు ఒకదానికొకటి అతుక్కుని శ్వాసమార్గం మూసుకుపోతుంది. పది సెకన్లో, అంతకు మించో ఊపిరి ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని కదిలిస్తుంది. తీవ్రమైన స్లీప్ ఆప్నియాలో ఇలా గంటకు ముప్ఫైసార్లకు పైగా జరుగుతుంది. తెల్లవారాక రోగికి మాత్రం ఏదీ గుర్తుండదు.

1836-37లో వెలువడిన డికెన్స్ నవల ‘పిక్‌విక్ పేపర్స్’లో ఎప్పుడూ కునికిపాట్లు పడే లావుపాటి కుర్రవాడు జో ఒక హాస్యపాత్ర. 1956లో అమెరికన్ వైద్యులు ఊబకాయం, మగత, శ్వాసలోపం కలిసి కనిపించే ఒక వ్యాధిస్థితికి ఆ నవల పేరే పెట్టారు. అయితే ఆ మగతకు మూలం నిద్రలోనే ఊపిరి ఆగిపోవడమని తేలింది 1965లో. ఫ్రాన్సులోనూ జర్మనీలోనూ రెండు పరిశోధక బృందాలు రోగుల నిద్రను రాత్రంతా నమోదు చేసి, విడివిడిగా ఈ సంగతిని కనిపెట్టాయి. కారణం తెలిసినా చికిత్స కఠినంగానే ఉండేది. మెడ ముందుభాగంలో రంధ్రం చేసి, శ్వాసనాళంలోకి నేరుగా గొట్టం అమర్చేవారు. ట్రకియాస్టమీ అనే ఈ శస్త్రచికిత్స ప్రాణాలు నిలిపేది. కానీ జీవితాంతం మెడలో రంధ్రంతో బతకడానికి ఎందరో వెనుకాడారు.

అలా వెనుకాడిన ఒక రోగి వల్లనే 1980 జూన్‌లో సిడ్నీలో కొత్త దారి తెరుచుకుంది. వైద్యుడు కాలిన్ సల్లివాన్ వాక్యూమ్ క్లీనర్ మోటారును గాలి పీల్చడానికి కాక ఊదడానికి అమర్చి, ముక్కుకు అతికించిన మాస్కు ద్వారా ఆ రోగికి రాత్రంతా గాలి అందించాడు. నెలలు నిండని శిశువుల ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఎడతెగని పీడనంతో గాలి ఇచ్చే పద్ధతి 1971 నుంచే వైద్యలోకానికి తెలుసు. దాన్ని పెద్దల గొంతుకు అన్వయించడమే సల్లివాన్ చేసిన పని. గాలి ఇక్కడ మందు కాదు, కూలబోయే గోడకు ఇచ్చిన ఊతం మాత్రమే. అయిదుగురు రోగుల ఫలితాలతో 1981 ఏప్రిల్‌లో ‘లాన్సెట్’ పత్రికలో వ్యాసం వచ్చింది. ఆ దశకం గడిచేలోగా యంత్రాలు మార్కెట్‌కు వచ్చాయి. ఆసుపత్రిలో పుట్టిన చికిత్స పడకగదికి చేరింది.

చేరడంతోనే కొత్త ప్రశ్న పుట్టింది. యాంటిబయాటిక్‌ను వారం రోజులు వాడి ఆపేస్తారు. ఈ యంత్రాన్ని నలభై ఏళ్ళ వయసులో మొదలుపెట్టినవారు మరో నలభై ఏళ్ళు వాడవలసి రావచ్చు. అన్నేళ్ళపాటు రాత్రంతా ఊపిరితిత్తుల్లోకి గాలి నెట్టడం క్షేమమేనా?

ముందుగా గాలి సంగతి. 1981 నాటి రోగులకు అవసరమైన పీడనం 4.5 నుంచి 10 సెంటీమీటర్ల నీటిమట్టం. వాతావరణ పీడనంలో అది దాదాపు ఒక శాతం. నాలుగంగుళాల లోతు నీటిలో చెయ్యి పెడితే ఎంత ఒత్తిడి పడుతుందో అంత. ముక్కు ఎండిపోవడం, దిబ్బడ, మాస్కు ఒరిపిడికి చర్మం కమలడం, కడుపులోకి గాలి పోయి ఉబ్బరించడం వంటి ఇబ్బందులు మొదటినుంచీ ఉన్నాయి. ఎక్కువభాగం గాలికి తేమ చేర్చడంతోనో మాస్కు మార్చడంతోనో తగ్గేవే. కాలక్రమంలోనే బయటపడిన మార్పు ఒకటుంది. రెండేళ్ళకు పైగా ముక్కు మాస్కు వాడిన 46 మంది జపనీయులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, పైదవడా పైపళ్ళూ స్వల్పంగా వెనక్కి జరిగినట్టు ఎక్స్-రేలు చూపాయి. వాడినవారెవరూ ఆ తేడాను గమనించలేదు. ప్రాణానికి ముప్పు కాకపోయినా, మాస్కు పట్టీని ఎంత బిగించాలన్నది చిన్న విషయం కాదని అది తెలిపింది.

రెండవది ఎవరికి ఇస్తున్నామన్న ప్రశ్న. గొంతు మూసుకోవడం వల్ల కాక, ఊపిరి తీయమని మెదడు ఆజ్ఞ ఇవ్వకపోవడం వల్ల శ్వాస ఆగే సెంట్రల్ ఆప్నియా వేరు. గుండె బలహీనపడినవారిలో ఇది తరచు కనిపిస్తుంది. వారికోసం శ్వాస తగ్గినప్పుడల్లా తానే సర్దుకుని గాలి ఒత్తిడి పెంచే ఏఎస్‌వీ అనే యంత్రం వచ్చింది. తర్కానికి అది మేలే చేయాలి. 1,325 మంది హృద్రోగులతో జరిగిన సర్వ్-హెచ్ఎఫ్ అనే పరీక్ష ఫలితాలు 2015లో వెలువడ్డాయి. యంత్రం శ్వాసను చక్కబరిచింది, కానీ యంత్రం వాడినవారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి. ఏళ్ళ తరబడి ఓపికగా లెక్కపెట్టి ఉండకపోతే ఆ ప్రమాదం మంచి చికిత్స ముసుగులోనే కొనసాగేది. ఆ ఫలితం వర్తించేది ఆ రకం యంత్రానికి, ఆ రకం రోగులకు. సాధారణ సీపాప్ వాడేవారికి దాన్ని అంటగట్టడం పొరపాటు.

మూడవ ప్రశ్న యంత్రం దేనితో తయారైందన్నది. 2021 జూన్‌లో ఫిలిప్స్ సంస్థ లక్షలాది శ్వాసయంత్రాలను వెనక్కి పిలిచింది. మోటారు చప్పుడు వినపడకుండా లోపల అమర్చిన పాలియురెథేన్ నురుగు పొర కాలం గడిచేకొద్దీ పొడిగా రాలి, రేణువులూ రసాయన వాయువులూ గాలిగొట్టంలోకి చేరే అవకాశం ఉందని ప్రకటించింది. వేడి, తేమ, ఓజోన్‌తో శుభ్రపరిచే పరికరాలు ఆ క్షయాన్ని వేగిరపరుస్తాయని తెలిసింది. ఆ తర్వాత కెనడాలోనూ ఫ్రాన్సులోనూ రోగుల రికార్డులను పరిశీలించినప్పుడు, ఈ యంత్రాలు వాడినవారిలో ఇతర కంపెనీల యంత్రాలు వాడినవారికంటే క్యాన్సర్ ఎక్కువగా కనిపించలేదు. అయితే క్యాన్సర్ నిదానంగా పెరిగే వ్యాధి. కొన్నేళ్ళ పరిశీలనతో దానిపై చివరిమాట చెప్పలేరు. 2024లో అమెరికా కోర్టు ఉత్తర్వు ఆ సంస్థ కొత్త యంత్రాల అమ్మకాన్ని అక్కడ ఆపివేసింది.

వెనక్కి పిలిచిన యంత్రానికి బదులు అందడానికి ఎందరికో నెలలు పట్టింది. ఆ నెలల్లో రోగి ముందు రెండు భయాలు నిలిచాయి: వాడితే నురుగు, మానితే ఊపిరి. రెండవ భయం బరువెంతో తేల్చడం అంత తేలిక కాదు. స్పెయిన్‌లో 1,651 మంది పురుషులను సుమారు పదేళ్ళు గమనించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స తీసుకోని తీవ్ర రోగులలో గుండెపోట్లు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయి. సీపాప్ వాడినవారిలో తక్కువ. కానీ ఎవరు వాడాలో అక్కడ చీటీ వేసి నిర్ణయించలేదు. వాడనివారు చికిత్స వద్దన్నవారు. చీటీ వేసినట్టు యాదృచ్ఛికంగా విభజించి 2,717 మందితో జరిపిన సేవ్ అనే పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. మగత తగ్గింది, మానసిక స్థితి మెరుగైంది, గుండెజబ్బులు మాత్రం తగ్గలేదు. అయితే వారు యంత్రాన్ని సగటున రాత్రికి 3.3 గంటలే వాడారు. పైగా విపరీతమైన మగతతో బాధపడేవారిని అందులో చేర్చుకోలేదు. వాహనం నడుపుతూ నిద్రలోకి జారిపోగల మనిషికి తెలిసి తెలిసి ఏళ్ళపాటు చికిత్స నిరాకరించడం ధర్మం కాదు. అందరికంటే ఎక్కువ లాభపడేవారే పరీక్షకు వెలుపల ఉండిపోవడం ఈ రంగంలో తీరని చిక్కు.

ఈ నలభై ఏళ్ళ చరిత్రను ఒక్క ‘క్షేమం’ అనే మాటలో కుదించలేము. గొంతు మూసుకునే రోగంలో గాలి పీడనం ఇప్పటివరకు నమ్మదగిన ఊతంగానే నిలిచింది. పెద్ద హాని బయటపడ్డ సందర్భాల్లో కారణం వేరే చోట ఉంది: ఒకసారి తగని రోగికి తగని యంత్రం ఇవ్వడంలో, మరొకసారి చప్పుడు తగ్గించడానికి అమర్చిన నురుగులో. కాబట్టి వాడేవారు అడగవలసిన ప్రశ్నలూ విడివిడిగానే ఉండాలి. తన ఆప్నియా ఏ రకం? గుండె స్థితి ఏమిటి? యంత్రం మోడల్‌పై హెచ్చరికలేమైనా ఉన్నాయా? 2022 నుంచి, పేస్‌మేకర్ ఉన్నవారు మాస్కు పట్టీలోని అయస్కాంతాల గురించి కూడా అడగవలసి వస్తోంది. వీటికి జవాబులు రాకముందే వార్త చదివి భయంతో యంత్రాన్ని అటక ఎక్కించడం జాగ్రత్త కాదు. ఒక ప్రమాదాన్ని తప్పించుకోబోయి, దానికంటే ఎంతో ముందునుంచీ తెలిసిన మరో ప్రమాదానికి రాత్రిపూట తలుపు తీసిపెట్టడమే అవుతుంది.