హింద్ స్వరాజ్, మన మగ్గం

మన పద్మశాలి ఇళ్లల్ల రెండు మాటలు నడుస్తయి. పాతకాలమే బంగారమని ఒకరంటే, మగ్గం పని అయిపోయింది, కాలంతో నడవాలె అని ఇంకొకరంటరు. మొదటాయనకు తిరోగమనవాది అనీ, రెండో ఆయనకు అభివృద్ధి మనిషి అనీ పేరు పెడతరు. పేరు పెట్టేముందు ఇద్దరి మాటా పూర్తిగా వినాలని మేం అనుకుంటం. గాంధీజీ హింద్ స్వరాజ్‌ను మేం అట్లనే చదివినం.

1909 నవంబర్‌లో లండన్ నుంచి దక్షిణాఫ్రికా పోయే ఓడలో ఆయన దాన్ని గుజరాతీలో రాసిండ్రు. రైళ్లు, వకీళ్లు, డాక్టర్లు, యంత్రాలు అన్నీ దేశానికి చెరుపే అన్నరు. మాంచెస్టర్ మన చేతిపనులను ముంచిందన్నరు. మరుసటేడు బొంబాయి ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. సర్కారు సంగతి సరే, సొంతోళ్లకే అది రుచించలేదు. గోఖలే గారు పచ్చి ఆలోచన అన్నరు. 1945లో నెహ్రూ గారు అది వాస్తవానికి దూరమని గాంధీజీకే ఉత్తరం రాసిండ్రు.

యంత్రాలు చేసుడు మన పెద్దలకు తెల్వక కాదు, కావాలనే వద్దనుకున్నరని అందులో ఉంది. నేతగానికి ఇక్కడ నవ్వొస్తది. మగ్గం యంత్రం కాకుంటే మరేంది? తాడు గుంజితే నాడె ఉరికే పద్ధతిని 1733లో ఇంగ్లండులో జాన్ కే కనిపెట్టిండు. మనోళ్లు దాన్నీ తీసుకున్నరు, మిల్లు నూలునూ తీసుకున్నరు. చేతి వడుకు నూలు పడుగుకు పెడితే పోగు ఎన్నిసార్లు తెగుతదో నేసినోళ్లకే ఎరుక. ఆ పుస్తకం రాసేనాటికి మగ్గమో రాట్నమో చూసిన గుర్తు లేదని గాంధీజీ తన ఆత్మకథలో దాచకుండా రాసుకున్నరు. 1924 నాటికి రాట్నం కూడా యంత్రమేనని, తన పేచీ యంత్రం మీది పిచ్చితోనేనని సవరించి చెప్పిండ్రు.

అయినా అభివృద్ధి కథలో దొరకని ఒక సంగతి ఆయన దగ్గర దొరుకుతది. మిల్లు నూలు వచ్చినప్పుడు ముందుగా పని పోయింది ఇంట్ల వడికే ఆడోళ్లకు. మన తాతలకు నూలు చౌకగా దొరికింది గనుక, వాళ్ల గోడు మన కథల్లకు రాలేదు.

ఎవరి కులవృత్తి వాళ్లు చేసుకునుడును ఆ పుస్తకం మెచ్చుకుంటది. అంబేద్కర్ గారు 1945లో గాంధీ సిద్ధాంతాన్ని గట్టిగానే ఎదిరించిండ్రు. సామాన్యునికి తీరిక, చదువు దొరకాలంటే యంత్రం ఉండాలన్నరు. గుంటమగ్గం కాడ మోకాళ్లు పోయినోళ్లకు ఆ మాట తొందరగా అర్థమైతది. మేమూ మిల్లు పిలిస్తేనే తెలంగాణ నుంచి షోలాపూర్ వచ్చినోళ్లం. ఆ మిల్లులూ మూతబడ్డయి, అది వేరే సంగతి.

1985లో కొన్ని రకాల బట్టలు చేతిమగ్గానికే అని పార్లమెంటు చట్టం చేసింది. 1993లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మొదట 22 రకాలుంటే తర్వాత 11కు తగ్గించిండ్రు. షోలాపూర్‌లో ఈ పేచీ పరాయోళ్లతో కాదు. సాంచెల కార్ఖానా మనదే, అందుల కూలికి పోయేదీ మనోళ్లే, చేతిమగ్గం మీద మిగిలిన ముసలోళ్లూ మనోళ్లే. ఈ 11 రకాల ముచ్చట వస్తే ఒకే బంతిల కూసున్న వియ్యంకులు చెరో దిక్కు మాట్లాడుతరు. అప్పుడు మేం ఇద్దర్నీ అడిగేది: నూలు ఏం ధరకు తెస్తున్నరు, కూలి ఎంత పడుతున్నది, పిల్లలు ఏం చదువుతున్నరు?