చేతిపనికి డాక్టరేటు: పునరావాస విద్యలో అర్హతల చరిత్ర

‘అర్హతలు’ అనేది మన పిల్లలు యూనివర్సిటీ గేటు దగ్గర మొట్టమొదట ఎదుర్కొనే మాట. పీజీలో ఇన్ని మార్కులు, ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ, కోర్సు వర్కు, సిద్ధాంత గ్రంథం - ఇవన్నీ కొండల్లాగా, వాగుల్లాగా ఎప్పట్నుంచో ఉన్నవే అన్నట్టు నోటీసు బోర్డు మీద అంటించి వుంటాయి. కాని ప్రతి అర్హతకూ ఒక పుట్టిన తేదీ వుంటుంది. దాన్ని ఎవరు పెట్టారు? పెట్టాక ఎవరు లోపలికి పోగలిగారు? ఎవరు బయటే నిలబడిపోయారు? ఈ ప్రశ్నలు వేయటానికి మన వాడల్లో పెద్దగా తెలియని ఒక చదువును ఎంచుకున్నాం. అది ఆక్యుపేషనల్ థెరపీ, దానితో పెనవేసుకున్న పునరావాస శాస్త్రం.

పక్షవాతం వచ్చినవాళ్లకీ, కుష్ఠువల్ల చేతులు మొద్దుబారినవాళ్లకీ, ప్రమాదంలో కాలో చెయ్యో పోయినవాళ్లకీ, ఎదుగుదల మందగించిన పిల్లలకీ అన్నం కలుపుకోవటం, బొత్తాలు పెట్టుకోవటం దగ్గర్నుంచి బతుకుతెరువు దాకా మళ్లీ పని నేర్పే వైద్యం ఇది. ఇందులో మందు కంటే పనే ముఖ్యం. తరతరాలుగా పనితోనే బతికి, ఆ పనివల్లే నీచులనిపించుకున్న మనం ఈ చదువుతో తేల్చుకోవలసిన లెక్క ఒకటుంది.

పట్టా లేని పుట్టుక

1917 మార్చి 15న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అనే చిన్న ఊళ్లో ఈ వృత్తికి మొదటి సంఘం ఏర్పడింది. స్థాపకుల్లో విలియం రష్ డన్టన్ మానసిక వైద్యుడు. జార్జి బార్టన్, థామస్ కిడ్నర్ ఆర్కిటెక్టులు. సుసాన్ జాన్సన్ చేతిపనుల టీచరు. ఎలినార్ క్లార్క్ స్లేగిల్ సాంఘిక సేవారంగం నుంచి వచ్చిన మనిషి. ఇసబెల్ న్యూటన్ కార్యదర్శి. ఈ పని గురించి పీహెచ్‌డీ చేసినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు, వుండే వీలూ లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం అమెరికా సైన్యం స్త్రీలకు కొద్ది నెలల శిక్షణ ఇచ్చి ఇదే పనిలో పెట్టింది. వాళ్ల చేతుల్లో వున్న సామగ్రి ఏమిటంటే బుట్టల అల్లిక, మగ్గం, తోలుపని, వడ్రంగం.

ఆ తర్వాత మెట్టు మీద మెట్టు లేచింది. 1923లో ఆ సంఘమే శిక్షణకు కనీస ప్రమాణాలు నిర్ణయించింది. చాలాకాలం డాక్టరేటు కావాలంటే వేరే శాఖకి పోవలసిందే. ఈ రంగంలో పెద్ద పేరున్న జీన్ ఐర్స్ 1961లో తీసుకున్న డాక్టరేటు విద్యా మనస్తత్వ శాస్త్రంలోది. 1970లలో న్యూయార్క్ యూనివర్సిటీ, 1989లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ ఈ రంగానికే డాక్టరేటు కోర్సులు పెట్టాయి. 2007 నుంచి అమెరికాలో ఉద్యోగంలో చేరటానికే బి.ఏ. స్థాయి పట్టా చాలదన్నారు. 2027 నాటికి డాక్టరేటు వుంటేనే ప్రవేశం అని 2017లో ప్రకటించారు. ఖర్చు పెరుగుతుంది, పేద విద్యార్థులూ నల్లజాతి విద్యార్థులూ దూరమవుతారు అనే వాదన అక్కడి వృత్తి లోపలే లేచింది. 2018లో ఆ నిర్ణయాన్ని పక్కన పెట్టారు. 2019లో మాస్టర్సు, డాక్టరేటు రెండు దారులూ వుండాలని తేల్చారు. అంటే అర్హతను పెంచగలిగిన చేతులే దాన్ని ఆపనూ గలవు. ఇది మనం గుర్తుపెట్టుకోవలసిన సంగతి.

బొంబాయి నుంచి వెల్లూరు దాకా

మన దేశానికి ఈ చదువును తెచ్చినామె కమలా నింబ్కర్. అమెరికాలో పుట్టి, ఇక్కడివారిని పెళ్లాడి, ఫిలడెల్ఫియాలో శిక్షణ పొంది, 1950లో బొంబాయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో పాఠశాల మొదలుపెట్టింది. 1952లో అఖిల భారత సంఘం వచ్చింది. అదే ఏడు ఏర్పడ్డ ప్రపంచ సమాఖ్యలో పది వ్యవస్థాపక దేశాల్లో మనదీ ఒకటి. ఆమె చేసిన పని చిన్నది కాదు. కాని అమెరికాలో బుట్ట అల్లటం ఒక చేతిపని మాత్రమే. ఇక్కడ అది మేదరి కులం. మగ్గం మాల వాడలో ఆడింది. తోలుపని అంటే మాదిగ. లందలో తోళ్లు నానబెట్టి, తంగేడు చెక్కతో పదునుపెట్టి, ఆరె, రంపె పట్టినవాళ్ల మనవలం, మునిమనవలం మేం. మా తాతలు చేస్తే అంటరానిదైన పని ఆస్పత్రి గదిలో తెల్లకోటు వేసుకుంటే చికిత్స అయింది. ఈ మార్పు ఎలా జరిగిందో చరిత్రకారులు మనకి చెప్పలేదు.

వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940ల చివర్నుంచి కుష్ఠు రోగుల చేతులకు స్నాయువులు మార్చే శస్త్రచికిత్సలు చేశాడు. స్పర్శ పోయిన పాదాలు పుండ్లుపడకుండా మెత్తని రబ్బరు అట్టతో చెప్పులు చేయించాడు. కత్తి పట్టే సర్జన్ ఎంత అవసరమో, తోలు కోసి కుట్టటం తెలిసిన చెయ్యి అక్కడ అంత అవసరమైంది. జైపూర్ పాదం సంగతీ అంతే. 1960ల చివర్లో డాక్టర్ పి.కె. సేథీతో కలిసి దాన్ని రూపొందించిన రామచంద్ర శర్మ బడిలో పెద్దగా చదువుకోని శిల్పి. 1981లో మెగసెసే అవార్డు వచ్చింది మాత్రం డాక్టరుగారికి. శర్మ దళితుడు కాడు. చేతిపని చేసినందుకే ఆయన వాటా అంత తగ్గితే, మన వాటా ఎక్కడని వెతకాలి?

కాగితం మీది గుమ్మం

అర్హతకూ డబ్బుకూ వున్న సంబంధం అంబేడ్కర్ జీవితంలోనే కనబడుతుంది. 1913లో బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ మీద కొలంబియాకి వెళ్లి, 1916కల్లా అక్కడి చదువు ముగించాడు. కాని సిద్ధాంత గ్రంథాన్ని అచ్చువేసి ప్రతులు సమర్పిస్తేనే అక్కడ పట్టా. ఆ పుస్తకం 1925లో వెలువడింది, డాక్టరేటు 1927లో చేతికొచ్చింది. తెలివి లోటుపడి పదకొండేళ్లు ఆగిన పట్టా కాదది.

ఇవాళ ఇక్కడ ఆక్యుపేషనల్ థెరపీలో డాక్టరేటు దాకా పోవాలంటే సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన ఆస్పత్రిలో ఇంటర్న్‌షిప్, తర్వాత రెండేళ్ల మాస్టర్సు, అప్పుడు పీహెచ్‌డీ. మాస్టర్సులో 55 శాతం, మనకి 5 శాతం సడలింపు. 2016 యూజీసీ నిబంధనల్లో రాతపరీక్ష గట్టెక్కటానికి మాత్రమే అయి, తుది నిర్ణయం ఇంటర్వ్యూ చేతికి పోయింది. విద్యార్థులు కొట్లాడితే 2018లో రాతకు 70, ఇంటర్వ్యూకి 30 అన్నారు. ఆ 30లో ఏం జరుగుతుందో మాకు తెలుసు. మాలో ఒకరిని నాలుగు ప్రశ్నలు కూడా అడక్కుండానే “ముందు ఇంగ్లీషు బాగుచేసుకో, తర్వాత చూద్దాం” అని పంపారు. ఆ గదినుంచి బయటికొచ్చి బస్టాండులో కూచున్న సాయంత్రం ఇంకా మరుపుకి రాలేదు.

ఇంకో ముడి వుంది. 2005లో ఎస్సీ పరిశోధకుల కోసం వచ్చిన రాజీవ్ గాంధీ ఫెలోషిప్‌కి మొదట్లో నెట్ అక్కర్లేదు. తర్వాత ఎంపికను నెట్ జేఆర్‌ఎఫ్ జాబితాలకు ముడిపెట్టారు. యూజీసీ నెట్ సబ్జెక్టుల్లో ఆక్యుపేషనల్ థెరపీ లేనే లేదు. లేని సబ్జెక్టులో పరీక్ష ఎలా రాస్తాం? ఫెలోషిప్ లేకుండా నాలుగైదేళ్లు పరిశోధన చేయటం ఎవరికి సాధ్యం? 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది, ఈ వృత్తీ దాని కిందికి చేరింది. చదువుకీ రిజిస్ట్రేషనుకీ ప్రమాణాలు రాసే పని ఇప్పుడే నడుస్తోంది. ఇవి రాసేటప్పుడు మనం గది బయట వుంటే, రేపు మళ్లీ నోటీసు బోర్డు ముందు నిలబడాల్సిందే.

మనం లోపలికెళ్తే ఏం మారుతుంది?

రిజర్వేషన్ లెక్క కోసం మాత్రమే మేం దీన్ని అడగటం లేదు. పని మనిషిని బాగుచేస్తుందనేది ఈ శాస్త్రానికి పునాది. పనిని ఎంచుకునే స్వేచ్ఛ వున్నచోట పుట్టిన నమ్మకం అది. కులం పనుల్నే కాదు, పనిచేసే మనుషుల్ని కూడా మెట్లు మెట్లుగా విడదీస్తుందనీ, ఇష్టంలేని పనిని పుట్టుకతో నెత్తిన పెడుతుందనీ అంబేడ్కర్ 1936లోనే వాదించాడు. విల్‌కాక్, టౌన్‌సెండ్ వంటివాళ్లు పనిలో న్యాయం గురించి, 2005లో క్రోనెన్‌బర్గ్, ఆయన సహచరులు పనిలో వర్ణవివక్ష గురించి రాశారు. మంచిదే. అంబేడ్కర్ వాదాన్ని ఈ శాస్త్రం ముందు పెట్టి మాట్లాడే బాధ్యత మాత్రం మనది.

ఒక్క ఉదాహరణ చాలు. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం పేరులోనే పునరావాసం అనే మాట వుంది. మురుగుకాల్వల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 30 లక్షలు, శాశ్వత వైకల్యం కలిగినవాళ్లకు కనీసం 20 లక్షలు ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అట్లా వైకల్యం వచ్చిన మనిషి థెరపిస్టు ముందుకొస్తే, పాఠ్యపుస్తకం ప్రకారం మొదటి ప్రశ్న: మీరు తిరిగి ఏ పనికి వెళ్లాలనుకుంటున్నారు? ఆ మనిషికి మళ్లీ పాత పని చేసే శక్తి తెప్పించటం విజయమా? ఆ పనినుంచి విడిపించటం విజయమా? దీన్ని పరిశోధన ప్రశ్నగా పెట్టాలంటే ఆ వాడ తెలిసినవాళ్లు ఆ సీట్లో వుండాలి.

అందుకే మేం కోరేది స్పష్టం. ఈ సబ్జెక్టులో పరిశోధించే దళిత, ఆదివాసీ విద్యార్థులకు నెట్‌తో ముడిపెట్టని ఫెలోషిప్ కావాలి. ఇంటర్వ్యూ మార్కులు, కారణాలతో సహా బయటపెట్టాలి. ప్రమాణాలు రాసే కమిటీల్లో మనవాళ్లుండాలి. టీచర్లకు మా విన్నపం ఒకటే: ఇంటర్ బైపీసీ చదివే మన పిల్లలకు ఎంబీబీఎస్ ఒక్కటే కాదు, ఈ చదువు కూడా వుందని చెప్పండి. పనిచేసిన చేతుల చరిత్ర రాయటానికి ఆ చేతుల వారసులు కావాలి.