మోటార్‌హోమ్‌లపై కందిరీగల గూళ్లు

అమెరికా, కెనడాల్లో ఆర్‌వీ అని పిలిచే మోటార్‌హోమ్‌లు, ట్రైలర్‌లు ఏడాదిలో చాలా నెలలు కదలకుండా నిలిచి ఉంటాయి. పొగగొట్టాలు, ఫ్రిజ్ వెనక గాలి రంధ్రాలు, నిచ్చెన బోలు పైపులు, చుట్టిపెట్టిన ఎండతెర, గ్యాస్ సిలిండర్ మీది మూత కందిరీగలకూ తేనెటీగలకూ అనువైన చాటులు. తెలుగునాట కారవాన్ అంటే ఎక్కువమందికి షూటింగ్ దగ్గర తారలు సేదదీరే బండే. అందుచేత ఈ వ్యాసంలోని వివరాలు ప్రధానంగా ఉత్తర అమెరికావి.

గూడు ఏ కీటకానిదో ముందు తేల్చుకోవాలి. కాగితం కందిరీగలు కొయ్య నారను నమిలి, గొడుగు బోర్లించినట్టుండే తుట్టెను సన్నని కాడకు వేలాడదీస్తాయి. యెల్లోజాకెట్లు అనే కందిరీగలు నేలబొరియల్లోనూ గోడల లోపలా ఉంటాయి. వేసవి చివరికి వాటి సంఖ్య వేలకు చేరవచ్చు. ఐరోపా కాగితం కందిరీగ పోలిస్టెస్ డొమినులా బోస్టన్ పరిసరాల్లో తొలిసారి కనిపించిన కాలాన్ని కొందరు 1970ల చివరగా, మరికొందరు 1981గా రాస్తారు. రెండోది నమోదు అచ్చయిన సంవత్సరంగా తోస్తున్నందున మొదటిదే సరైనదనిపిస్తుంది. స్థానిక జాతుల కంటే ఇది లోహపు గొట్టాలను, మూసి ఉన్న సందులను ఎక్కువగా ఎంచుకుంటుంది.

మట్టి కందిరీగ ఒంటరిది. ఆడది తడిమట్టి ఉండలు మోసుకొచ్చి గదులు కడుతుంది. కుట్టి చచ్చుబడేలా చేసిన సాలీళ్లను అందులో నింపి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. గూటికి కాపలా కాయదు, మనిషిని కుట్టడం అరుదు. కుట్టే కీటకాల నొప్పిని 4 వరకు అంచెలుగా లెక్కగట్టిన జస్టిన్ ష్మిట్ సూచీలో తేనెటీగకు 2 ఉంటే దీనికి 1 మాత్రమే. అయినా మోటార్‌హోమ్‌కు ఎక్కువ చేటు దీనివల్లే. ఫర్నేస్, నీళ్ల హీటర్, గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్‌లకు గాలి అందే దారి మట్టితో పూడుకుపోతే గ్యాస్ సరిగా మండదు. నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగుకు తిరుగుతుంది, మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు కాబట్టి లోపల నిద్రించేవారికి దాన్ని పసిగట్టే అలారం తప్పనిసరి. పురుగు ఎప్పుడో ఎగిరిపోయిన పాత గూడు కూడా ఇంతే ప్రమాదకరం.

ఇదే తరహా మూసివేతకు విమానయానంలో పేరుమోసిన ఉదాహరణ ఉంది. 1996 ఫిబ్రవరి 6న డొమినికన్ రిపబ్లిక్‌లోని ప్యూర్టో ప్లాటా దగ్గర బిర్గెనైర్ సంస్థ బోయింగ్ 757 విమానం సముద్రంలో కూలి 189 మంది మరణించారు. వేగాన్ని కొలిచే పిటో గొట్టం మూసుకుపోయిందని, అందుకు మట్టి కందిరీగ గూడు కారణమై ఉండవచ్చని దర్యాప్తు భావించింది. ఆ గొట్టాలు సముద్రంలో దొరకలేదు కనుక ఇది నిర్ధారణ కాదు, బలమైన ఊహ. విమానం ఎగరకుండా నిలిచి ఉన్న వ్యవధిని కొందరు 20 రోజులని, కొందరు 25 రోజులని రాశారు.

ప్రొపేన్‌కు కలిపే ఘాటు వాసనే ఈ కీటకాలను రప్పిస్తుందని ఆర్‌వీ యజమానుల్లో గట్టి నమ్మకం. పెట్రోలు ఆవిరి గొట్టాల్లో పసుపు సాలీళ్లు గూళ్లు అల్లుతున్నాయని 2011లో మాజ్దా దాదాపు 65,000 కార్లను వెనక్కి పిలిచిన ఉదంతాన్ని దీనికి మద్దతుగా చూపుతారు. అయితే అది సాలీళ్ల సంగతి. మట్టి కందిరీగల విషయంలో వాన తగలని ఇరుకు చోటు, దగ్గర్లో తడిమట్టి, వేటాడటానికి సాలీళ్లు అన్న వివరణే ఎక్కువ పొసగుతుంది.

తొలగింపుకు అనువైన కాలాలు రెండు. వసంతంలో రాణి ఒంటరిగా గూడు మొదలుపెట్టినప్పుడు పని తేలిక. గట్టి మంచు కురిసిన తర్వాత, జతకట్టిన రాణులు తప్ప గుంపుగా బతికే కందిరీగలన్నీ చనిపోతాయి కాబట్టి తుట్టెను నిర్భయంగా గీకేయవచ్చు. నడివేసవిలో తప్పనిసరైతే, పురుగులన్నీ గూటికి చేరే చీకటివేళ ఎర్ర కాంతిలో పని చేయడం మేలు. కాగితం కందిరీగలకు సబ్బునీళ్లు చాలు. ఆ నీళ్లు పురుగు ఊపిరి రంధ్రాల్లోకి చొరబడి చంపుతాయి. స్ప్రే డబ్బాల్లోని వాయువు చాలాసార్లు మండేది, కనుక గ్యాస్ ఆపి, మంట ఆరాకే కొట్టాలి. పెట్రోలు పోయడం ఏ పరిస్థితిలోనూ తగదు. నకిలీ కాగితపు తుట్టెలు వేలాడదీస్తే కొత్తవి రావన్న మాటకు ఆధారం బలహీనం.

తేనెటీగల సంగతి వేరు. వేలాడుతున్న గుంపు తరచూ కొన్ని గంటల్లో లేదా ఒకటి రెండు రోజుల్లో దానంతటదే వెళ్లిపోతుంది. గోడలో స్థిరపడితే మాత్రం తేనెటీగల పెంపకందారును పిలవాలి. ఈగలను చంపి పట్టును వదిలేస్తే మైనం కరిగి తేనె కారుతుంది, చీమలు చేరతాయి. టెక్సాస్, అరిజోనాలలో అదనపు జాగ్రత్త అవసరం. 1957లో బ్రెజిల్‌లో తప్పించుకున్న ఆఫ్రికా జాతి తేనెటీగల సంకరాలు 1990లో టెక్సాస్ చేరాయి. ఇవి గుంపులుగా తరుముతాయి.

అమెరికాలో 2000 నుంచి 2017 వరకు కందిరీగలు, తేనెటీగలు కుట్టడం వల్ల 1,109 మంది చనిపోయారు, ఏటా సగటున 62 మంది. ఎలర్జీ ఉన్నవారు ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ లేకుండా గూటి దగ్గరికి వెళ్లకూడదు.

నివారణకు ఫ్రిజ్, హీటర్ రంధ్రాలకు స్టీల్ మెష్ బిగిస్తారు. ఫర్నేస్ పొగగొట్టం విషయంలో కొన్ని తయారీ కంపెనీలు మెష్ వద్దంటాయి, గాలి తగ్గి యంత్రం వేడెక్కుతుందని. కాబట్టి ముందు ఆ యంత్రంతో వచ్చిన సూచనల పుస్తకం చూడాలి. మెష్ ఉన్నా లేకున్నా చలికాలంలో తొలిసారి వెలిగించే ముందు గొట్టాన్ని టార్చి వేసి పరీక్షించాలి.