ఊడ దించిన మర్రి, ఊడ కోసిన మర్రి

మర్రి, రావి, జువ్వి, మేడి, అంజూరం అన్నీ ఫైకస్ ప్రజాతి చెట్లే. అంజూరానికి కొత్త రెమ్మల మీద కాయ పడుతుంది కాబట్టి రైతు ఏటా కొమ్మ కత్తిరిస్తాడు. మర్రి సంగతి వేరు. దాని రూపాన్ని తేల్చేది కొమ్మ కంటే ఊడ. సన్నగా వేలాడే ఊడ నేలను తాకిందంటే వేరు పోసుకుని లావెక్కి, పైకొమ్మకు ఆసరా అవుతుంది. ఆ బలంతో కొమ్మ ఇంకా ముందుకు సాగి మళ్లీ ఊడలు దించుతుంది. ఊడను కోసేస్తే చెట్టు ఒకే మాను మీద గొడుగులా నిలిచిపోతుంది. తెలుగు నేల మీద మర్రికి ఈ రెండు రూపాలూ ఉన్నాయి. రెండింటి వెనుకా మనిషి చెయ్యి ఉంది.

కృష్ణా డెల్టాలో మర్రి తరచు నేలలో కాక తాటిచెట్టు మీద మొలుస్తుంది. పిట్టల రెట్టలోని గింజ తాటిమట్టల సందున చిక్కుకుని మొలకెత్తుతుంది. వేళ్లు బోదె చుట్టూ దిగి, కొన్నేళ్లకు తాడినే కనబడకుండా చేస్తాయి. అదే గింజ పాత కట్టడం పగులులో పడితే ముప్పు. రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807-09 మధ్య మంగళగిరిలో కట్టించిన పదకొండు అంతస్తుల గాలిగోపురం వంటి వాటి మీద మర్రి, రావి మొలకలను లేతగా ఉన్నప్పుడే పీకేయాలి. వేరు లోపలికి పాకాక పైన నరికితే మళ్లీ చిగురిస్తుంది, బలవంతాన లాగితే ఇటుకలూ ఊడివస్తాయి.

బాటల వెంట మర్రి నాటడం చాలా పాత ఆచారం. కర్నూలు ప్రాంతపు ఎర్రగుడిలో ఉన్న అశోకుడి రెండో శిలాశాసనం దారుల పక్కన బావులు తవ్వించి చెట్లు నాటించిన సంగతి చెబుతుంది. మర్రి పేరు మాత్రం అతని ఏడో స్తంభశాసనంలో, ఢిల్లీకి తరలించిన తోప్రా స్తంభం మీద ఉంది. గింజ నుంచి పెంచడం కంటే మనిషెత్తు కొమ్మ నరికి తొలకరికి బాట వెంట పాతడం తేలిక. మర్రి కొమ్మ సులువుగా వేరు పోసుకుంటుంది, అంత ఎత్తున వచ్చే చిగురు మేకలకు అందదు. బాట మీదికి వేలాడే ఊడలు బండ్లకూ బస్సులకూ అడ్డం కాబట్టి వాటిని కోసేస్తూ వచ్చారు. హైదరాబాదు నుంచి చేవెళ్ల మీదుగా బీజాపూరు వెళ్లే రోడ్డు పక్కన నిజాం కాలంలో నాటిన మర్రులు దాదాపు తొమ్మిది వందలు మిగిలాయి. రోడ్డు వెడల్పు చేయాలన్న ప్రతిపాదన వచ్చాక వీటి కోసం జాతీయ హరిత ట్రైబ్యునల్‌లో వ్యాజ్యం నడిచింది. విద్యుత్ తీగల కోసం ఒక్క వైపే కొమ్మలు నరకడం ఇలాంటి చెట్లకు ఇంకో బెడద. బరువు ఒక పక్కకు ఒరిగి, గాలివానకు మాను కూలే ప్రమాదం పెరుగుతుంది.

ఊడలను దిగనిస్తే ఏమవుతుందో కదిరి దగ్గర గూటిబయలులోని తిమ్మమ్మ మర్రిమానులో కనిపిస్తుంది. 15వ శతాబ్దంలో తిమ్మమ్మ అనే ఆమె భర్తతో సహగమనం చేసినప్పుడు చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగిర్చి ఈ మాను అయిందని స్థలకథ. కథ సంగతి ఎలా ఉన్నా, పాతిన మర్రి గుంజ చిగిర్చడంలో వింతేమీ లేదు. తిమ్మమ్మ మర్రిమాను కొమ్మల విస్తీర్ణం దాదాపు 4.7 ఎకరాలు. బెంగళూరుకు చెందిన పాత్రికేయుడు రిగ్రెట్ అయ్యర్ చొరవతో 1989లో అది గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. భక్తి వల్ల దాని మీద గొడ్డలి పడలేదు.

అయితే కొయ్యకుండా వదిలేస్తే సరిపోదు. లేత ఊడ కొసను పశువులు కొరుకుతాయి, పిల్లలు పట్టుకుని ఊగుతారు, జనం తొక్కి గట్టిపడ్డ నేలలో వేరు దిగదు. అందుకే పనివాళ్లు ఊడ కింద నేల గుల్ల చేసి, చీల్చిన వెదురు బొంగునో గొట్టాన్నో నిలబెట్టి, అందులో మట్టీ పశువుల ఎరువూ నింపి తడి ఆరకుండా చూస్తారు. ఊడ ఆ దారినే నేలకు దిగుతుంది. అది లావెక్కాక గొట్టం తీసేస్తారు. మేఘాలయలో ఖాసీలు ఇదే ప్రజాతికి చెందిన రబ్బరు మర్రి వేళ్లను బోలు పోకమానుల గుండా వాగు దాటించి, నడవడానికి వంతెనలే పెంచారు.

దిగిన ఊడ విలువ ఎంతో కలకత్తా పక్కన శిబ్‌పూర్ వృక్షోద్యానంలోని మహామర్రి చూపించింది. 1864, 1867 తుపానులకు కొమ్మలు విరిగి, గాయాల్లోంచి శిలీంద్రం పట్టింది. 1925లో మూలమానునే తొలగించారు. అయినా చెట్టు ఊడల మీద బతికి, ఇంకా విస్తరించింది.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి ఆ బలం చాలలేదు. దాదాపు మూడెకరాల ఈ చెట్టు వయసు ఏడు వందల ఏళ్లని చెబుతారు. సందర్శకులు కొమ్మలెక్కి ఊగేవారు, లోపల చెదలు తినేసింది. 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ విరిగిపడ్డాక ప్రవేశం ఆపేశారు. 2018లో అటవీ సిబ్బంది క్లోర్‌పైరిఫాస్ మందును నీళ్లలో కలిపి, సెలైన్ సీసాలకు పోసి, కొమ్మలకు వరసగా వేలాడదీసి చుక్కచుక్కగా ఎక్కించారు. వేళ్ల దగ్గరా అదే మందు పోశారు. బరువైన కొమ్మల కింద కాంక్రీటు దిమ్మెలు కట్టారు. ఊడలను గొట్టాల్లోంచి నేలకు దించే పని కూడా మొదలుపెట్టారు. ఆ ఊడలు లావెక్కేదాకా కొమ్మల బరువు దిమ్మెలదే.